మా ఇంటి కంప్యూటర్లో విండోస్ తీసేశాను: నా అనుభవం

నా టేబుల్ మీద మానిటర్ ఒకటే, కంప్యూటర్లు రెండు. ఎడమ పక్కన కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్, అందులో విండోస్ 11. కింద కాళ్ల దగ్గర నా డెస్క్‌టాప్. 2017లో సికింద్రాబాద్ సీటీసీలో ఒక శనివారమంతా షాపులు తిరిగి, బేరాలాడి, విడివిడిగా కొని తెచ్చి బిగించుకున్నది. రెంటికీ మధ్య అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద స్విచ్ ఒకటి. దాని బొత్తాం నొక్కితే కీబోర్డు, మౌసు, మానిటర్ మూడూ ఆ పక్క నుంచి ఈ పక్కకి మారిపోతాయి. పొద్దున తొమ్మిదిన్నరకి ఒక నొక్కుడు, రాత్రి ఎనిమిదింటికి ఇంకో నొక్కుడు.

మానిటర్ మారుతుంది గానీ వేళ్లు మారవు. డెస్క్‌టాప్‌లో వాడేది లినక్స్, విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టం. దాని టెర్మినల్లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, కంట్రోల్ డబ్ల్యూ నొక్కితే ఇప్పుడే కొట్టిన పదం ఒకటి చెరిగిపోతుంది. బ్రౌజర్లో అదే నొక్కితే ట్యాబ్ మొత్తం మూసుకుపోతుంది. పదిహేనేళ్లుగా టెర్మినల్‌కి అలవాటు పడ్డ చెయ్యికి ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఆఫీసు టికెట్లో, అంటే పని కోరుతూ ఆన్‌లైన్లో పెట్టే అర్జీలో, అరపేజీ వివరణ రాసి, ఆఖరి పదంలో అక్షరం తప్పు పడిందని కంట్రోల్ డబ్ల్యూ కొట్టి, ఖాళీ తెర చూస్తూ కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఏదైనా పెద్దగా రాయాలంటే ముందు ఎడిటర్లో రాసి, తర్వాత బ్రౌజర్లో అతికిస్తాను.

డెస్క్‌టాప్ వివరాలు కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు కథంతా వాటి వల్లే. ఐ5-7400 ప్రాసెసర్, 6 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఒక టీబీ హార్డ్ డిస్కు. మొన్నమొన్నటి దాకా అందులో లినక్స్, విండోస్ రెండూ ఉండేవి. సొంత పనులన్నీ లినక్స్‌లో, ఆదివారం ఆట మాత్రం విండోస్‌లో. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోతాయని తెర మీద పెద్ద కాగితం లాంటి హెచ్చరిక రావడం మొదలైంది. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరందైనా అయి ఉండాలి. నాది ఏడో తరం. ఒక్క తరం తేడాలో గడప అవతల ఆగిపోయాం. కొత్తది కొందామా అంటే ఉన్నది శుభ్రంగా పనిచేస్తోంది. ఇంకో ఏడాది అప్‌డేట్లు తెచ్చుకునే దారి ఉంది గానీ అది ఏడాదికే. అందుకని విండోస్‌నే తీసేద్దామనుకున్నాను. ఇంత చిన్న నిర్ణయానికి ఐదేళ్లు ఎందుకు పట్టిందో చెబుతాను.

లినక్స్ మా ఇంటికి పోస్ట్‌మన్ తెచ్చాడు. 2008లో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు ఉబుంటు అనే లినక్స్ రకం తయారుచేసేవాళ్లు అడిగినవాళ్లకి సీడీలు ఊరికే పంపేవారు. పోస్టు ఖర్చు కూడా వాళ్లదే. విదేశీ ముద్రలున్న కవరు చూసి, మా వీధిలో నాకేదో అమెరికా కాలేజీలో సీటొచ్చిందని రెండు రోజులు అనుకున్నారు. ఆ సీడీ హాస్టల్లో గదిగదికీ తిరిగి, గీతలు పడి, ఆఖరికి ఎవరి దగ్గర ఆగిందో తెలీదు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌లో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా డౌన్‌లోడ్ లెక్కలోకి వచ్చేది కాదు. రెండింటికి అలారం పెట్టుకుని లేచి, లినక్స్ ప్రోగ్రాముల ప్యాకేజీలు దించడం మొదలుపెట్టి పడుకునేవాణ్ని. మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు.

ఉద్యోగంలో చేరాక లినక్స్ రోజువారీ కూడు పెట్టే వస్తువైంది. మేం రాసేదంతా చివరికి నడిచేది లినక్స్ సర్వర్ల మీదే. కానీ చేతికిచ్చే ల్యాప్‌టాప్ విండోస్‌ది. అందులో ఏం ఇన్‌స్టాల్ చేయాలన్నా సపోర్ట్ టీమ్‌కి టికెట్ పెట్టాలి, మేనేజర్ అప్రూవ్ చేయాలి. నేను దీని మీద విసుక్కోను. కంపెనీ సొమ్ము, కంపెనీ డేటా, కంపెనీ రూల్స్. విండోస్ లోపలే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ అనే ఏర్పాటుకి అనుమతి దొరికింది, దానితోనే పని సాగిపోతోంది. ఒక్క సలహా ఇస్తాను: డబ్ల్యూఎస్‌ఎల్ వాడేవాళ్లు ప్రాజెక్టు ఫైళ్లని సీ డ్రైవ్‌లో ఉంచి లినక్స్ వైపు నుంచి తెరవకండి. రెండు ఇళ్ల మధ్య ప్రతి చిన్న ఫైలుకీ గుమ్మం దాటి వెళ్లి రావాలి. ఫైళ్లలో మార్పుల లెక్క ఉంచే గిట్ ప్రోగ్రాంలో స్టేటస్ కొట్టి టీ తాగి రావచ్చు. ప్రాజెక్టుని లినక్స్ హోమ్ ఫోల్డర్లోకి మార్చాక ఆ బాధ పోయింది.

ఈ రెండిళ్ల కాపురంలో నన్ను బాగా ఏడిపించింది ఒకటుంది. కొత్తగా చేరిన కుర్రాడు ఒక స్క్రిప్ట్, అంటే వరసగా నడిపించాల్సిన ఆదేశాల ఫైలు, రాశాడు. వాడి ల్యాప్‌టాప్‌లో ఎడిటర్లో చూస్తే చక్కగా ఉంది. సర్వర్ మీద పెట్టి నడిపితే, ఫైలు లేదని ఎర్రర్. ఎదురుగా ఉంది ఫైలు. పేరు సరిగ్గానే ఉంది, నడిపించే అనుమతులూ ఉన్నాయి. "అన్నా, ఎల్ఎస్ కొడితే కనిపిస్తోంది, నడిపితే లేదంటోంది, ఇదేం దెయ్యం" అన్నాడు. ముప్పావు గంట ఇద్దరం తలలు పట్టుకున్నాం. అప్పుడు ఎర్రర్ని మళ్లీ అక్షరం అక్షరం చదివితే, బ్యాష్ అనే మాట పక్కన టోపీ గుర్తు, దాని పక్కన పెద్ద ఎం అక్షరం కనబడ్డాయి. లేదంటున్నది స్క్రిప్ట్ కాదు. స్క్రిప్ట్ మొదటి వరుసలో రాసిన, దాన్ని నడిపించాల్సిన బ్యాష్ అనే ప్రోగ్రాం. ఆ వరుస చివర ఎడిటర్లో కంటికి కనపడని అక్షరం ఒకటి అతుక్కుని ఉంది, ఆ టోపీ, ఎం దాని గుర్తే. దాంతో సర్వర్ 'బ్యాష్' కోసం కాకుండా, తోకున్న ఇంకేదో బ్యాష్ కోసం వెతుకుతోంది.

ఆ తోక పేరు క్యారేజ్ రిటర్న్. విండోస్‌లో వరుస ముగిసిందని చెప్పడానికి రెండు అక్షరాలు పెడతారు: టైపు మిషన్ క్యారేజీని మొదటికి జరపమని ఒకటి, కాగితాన్ని ఒక వరుస పైకి తిప్పమని ఇంకోటి. లినక్స్‌లో రెండోది ఒక్కటే చాలు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా నాన్నకి ఇది చెప్పాను. ఆయన తణుకులో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసై ఉద్యోగంలో చేరినవారు. "మా మిషన్‌కి ఎడం పక్కన లివర్ ఒకటుండేది. దాన్ని తోస్తే కాగితం పైకి జరిగేది, క్యారేజీ మొదటికొచ్చేది. ఒక్క తోపుకి రెండు పనులూ అయిపోయేవి. దాన్ని విడదీసి మీరు ఇంకా కొట్టుకుంటున్నారా?" అన్నారు. నిజమే, కొట్టుకుంటూనే ఉన్నాం. గిట్‌కి ఇలాంటి స్క్రిప్టుల వరుసలు ఎప్పుడూ లినక్స్ పద్ధతిలోనే ముగియాలని ప్రాజెక్టులోనే ఒక ఫైల్లో రాసిపెట్టాం. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

ఇక ఆట సంగతి. హాస్టల్లో మేం నలుగురం ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడేవాళ్లం. 1999 నాటి ఆట. మేం ఆడేనాటికే పాతబడిపోయింది, అయినా మా డొక్కు కంప్యూటర్లలో నడిచేది అదే. తర్వాత ఒకడు డల్లాస్ వెళ్లాడు, ఒకడు బెంగళూరు, ఒకడు వైజాగ్‌లోనే ఉండిపోయాడు. 2019 నవంబర్లో అదే ఆట డెఫినిటివ్ ఎడిషన్ అని కొత్త బొమ్మలతో వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడేసరికి ఎవరికీ బయటికెళ్లే పనిలేదు. అందరం స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల షాపులో కొనేశాం. మాకు ఆదివారం పొద్దున ఎనిమిది అంటే డల్లాస్ వాడికి శనివారం రాత్రి తొమ్మిదిన్నర. మాకు కాఫీ, వాడికి బీరు.

నేను లినక్స్‌లోనే ఆడతానని పట్టుబట్టాను. విండోస్ కోసం రాసిన ఆట లినక్స్‌లో ఎలా ఆడుతుందంటే, మధ్యలో దుబాసీ ఒకడుంటాడు. ఆట విండోస్ భాషలో ఫలానా ఫైలు తెరువు, ఫలానా త్రిభుజం గియ్యి అని అడుగుతుంటే, దుబాసీ దాన్ని అప్పటికప్పుడు లినక్స్‌కి అర్థమయ్యేలా చెబుతాడు. ఈ దుబాసీ పేరు వైన్. 1993 నుంచీ ఉన్నాడు. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో ఈ వైన్‌కి మరికొన్ని హంగులు చేర్చి ప్రోటాన్ పేరుతో స్టీమ్‌లోనే పెట్టేసింది. బొమ్మల భాషని, అంటే డైరెక్ట్‌ఎక్స్‌ని, లినక్స్‌కి తెలిసిన వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే అందులో భాగమే. అంతకుముందు లినక్స్‌లో ఆటలంటే ఒక్కోదానికి ఒక్కో పూజావిధానం ఉండేది. ప్రోటాన్ వచ్చాక ఇన్‌స్టాల్ నొక్కి, ప్లే నొక్కడమే.

ప్లే నొక్కాను, ఆట తెరుచుకుంది, శబ్దం వచ్చింది, అందరం కలిశాం. ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా సాగింది. నా కోట లేస్తోంది. అంతలో తెర మధ్యలో 'అవుట్ ఆఫ్ సింక్', అంటే పొంతన తప్పిందని పడి, నలుగురి ఆటా ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి పన్నెండు నిమిషాలు. మూడోసారి డల్లాస్ వాడు "ఒరేయ్, వారానికోసారి ఆడుకునే ఆటలో నీ లినక్స్ గోల మాకెందుకురా" అన్నాడు. ఆ పూట నోరుమూసుకుని విండోస్‌లోకి వెళ్లాను.

కానీ మనసులో కెలుకుతూనే ఉంది. లాగ్‌లో, అంటే జరిగిందంతా ప్రోగ్రాం రాసుకునే ఫైల్లో, చూస్తే ఏ ఎర్రరూ లేదు, ఆట ఎక్కడా కూలిపోలేదు. మరి సింక్ ఎందుకు పోయింది? ఈ ఆట లోపల ఎలా పనిచేస్తుందో తెలిశాక గానీ బోధపడలేదు. మామూలుగా మనం అనుకునేదేమిటంటే, ఎక్కడో సర్వర్లో ఆట నడుస్తుంది, మనకి బొమ్మలు వస్తాయి అని. ఇందులో అలా కాదు. ఫోన్లో చదరంగం ఆడటం లాంటిది. నీ దగ్గర ఒక బోర్డు, నా దగ్గర ఒక బోర్డు. మన మధ్య నడిచేది ఎత్తులు మాత్రమే: ఈ విలుకాడిని అక్కడికి పంపు, ఆ పల్లెటూరివాడితో చెట్టు కొట్టించు. ఆ తర్వాత ఏ బాణం ఎవడికి తగిలింది, ఎవడి ప్రాణం ఎంత మిగిలింది అనేది ప్రతి కంప్యూటరూ సొంతంగా లెక్క కడుతుంది. నాలుగు కంప్యూటర్ల లెక్కా ఆఖరి అంకెతో సహా ఒకటే కావాలి. నా దగ్గర తగిలిన బాణం వైజాగ్ వాడి దగ్గర తప్పిపోతే, అక్కడి నుంచి రెండూ వేరు వేరు యుద్ధాలు. అది పసిగట్టి ఆట ఆపేస్తుంది.

లెక్కలు కట్టే గణిత ఫంక్షన్లు విండోస్‌లో యూసీఆర్‌టీబేస్ అనే ఫైల్లో ఉంటాయి. మన దుబాసీ దగ్గర దాని బదులు తను సొంతంగా రాసుకున్నది ఉంది. రెండూ సరైన జవాబే ఇస్తాయి. కానీ దశాంశ బిందువు తర్వాత ఎక్కడో చిట్టచివర ఒక బిట్టు అటూ ఇటూ అవుతుంది. బడి లెక్కల్లో దానికి మార్కులు కూడా తగ్గించరు, కానీ ఇక్కడ నలుగురి ఆట చెడింది. పరిష్కారం తెలిశాక నవ్వొచ్చింది. అసలు విండోస్ ఫైలు తెచ్చి, ఆ ఆట కోసం ప్రోటాన్ కట్టుకున్న ఫోల్డర్లో పెట్టడమే. ఆ ఫోల్డర్ పేరు 813780. స్టీమ్‌లో ఆ ఆట నంబరు అది. నాకు మా ఇంటి గ్యాస్ కనెక్షన్ నంబరు గుర్తుండదు గానీ ఇది గుర్తుంది.

పనిచేసింది. కానీ ప్రోటాన్ కొత్త వెర్షన్‌కి మారినప్పుడల్లా ఆ ఫైలు ఉందో పోయిందో చూసుకోవాలి. రెండుసార్లు మర్చిపోయాను, రెండుసార్లూ తిట్లు తిన్నాను. ఇక ఎందుకొచ్చిన టెన్షన్ అని ఆదివారం పూటకి విండోస్‌ని ఉంచేశాను. అలా ఒక్క ఆట కోసం, వారానికి మూడు గంటల కోసం, ఐదేళ్లు డిస్కులో వంద జీబీ పోషించాను. పైగా వారానికోసారి తెరుస్తాం కాబట్టి తెరిచిన ప్రతిసారీ అప్‌డేట్లు. సరిగ్గా ఎనిమిదింటికి.

2025 అక్టోబర్ చివర్లో ఒక శనివారం ముహూర్తం పెట్టుకున్నాను. లినక్స్ రకాల్లో మింట్ 22 ఎంచుకున్నాను. ఆఫీసులో కొత్తవి ఎలాగూ రోజూ చూస్తాం, ఇంట్లో నిలకడగా ఉండేది కావాలి. ముందు నాన్న ఫోటోలు, పెళ్లి వీడియోలు, స్కాన్ చేసిన పొలం కాగితాలు బయటి డిస్కులోకి తీశాను. పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టాలర్ రాసే డీడీ కమాండ్ దగ్గర మాత్రం ఇప్పటికీ నాకు చెయ్యి వణుకుతుంది. పెన్‌డ్రైవ్ పేరు ఎస్‌డీబీ అని కొట్టాల్సిన చోట డిస్కు పేరు ఎస్‌డీఏ అని కొడితే అడ్డుచెప్పేవాడు లేడు, హార్డ్ డిస్కు మీదే రాసేస్తుంది. అందుకని అప్పుడు మిగతా డిస్కుల వైర్లు పీకేస్తాను. చాదస్తమే అనుకోండి. ఇన్‌స్టాలేషన్ పావుగంటలో అయిపోయింది.

అసలు తంటా గ్రాఫిక్స్ కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం దగ్గర. తప్పు పూర్తిగా నాది. మింట్‌లో డ్రైవర్ మేనేజర్ అని బొమ్మలతో సహా ఉంటుంది, దాన్ని తెరిచి అది చెప్పింది ఎంచుకుంటే సరిపోయేది. ప్రోగ్రామర్ని కదా, టెర్మినల్ తెరిచాను. నా కార్డు ఎన్‌విడియా కంపెనీది. వాళ్ల డ్రైవర్ 580 రెండు రకాలుగా ఉంది: ఒకటి మామూలుది, ఇంకోటి చివర 'ఓపెన్' అని ఉన్నది, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టినది. ఓపెన్ అనే మాట చూస్తే మాలాంటివాళ్లకి గుడి ముందు నుంచి వెళ్తున్నట్టుంటుంది, చేతులు వాటంతటవే జోడిస్తాం. అదే ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొట్టాను.

తెర వచ్చింది, కానీ అక్షరాలు కొబ్బరికాయలంత ఉన్నాయి. మూల నుంచి, సాఫ్ట్‌వేర్ రెండరింగ్ మోడ్‌లో, అంటే కార్డు సాయం లేకుండా, నడుస్తోందని ఒక చీటీ. కార్డు వివరాలు చూపే ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ కమాండ్ కొడితే అసలు కార్డే లేదంటోంది. ఎనిమిదేళ్ల కార్డు, సరిగ్గా ఈ రోజే పోయిందా అనుకున్నాను. క్యాబినెట్ విప్పాను. కార్డు పీకి, చిన్నప్పుడు ర్యామ్‌కి చేసినట్టే, పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు రంగు పళ్లు రుద్దాను. ఫ్యాన్లలో దుమ్ము ఊదాను. మళ్లీ బిగించాను. అదే చీటీ. ఇంకో స్లాటులో పెట్టి చూశాను. అదే చీటీ. మా ఆవిడ వచ్చి, నేల మీద స్క్రూలు చూసి, "విండోస్ తీసేస్తానన్నావు, కంప్యూటరే తీసేస్తున్నావేంటి?" అంది.

రెండు గంటల తర్వాత గానీ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ రాసుకునే లాగ్ చూడాలని తోచలేదు. ఆఫీసులో జూనియర్లకి రోజూ చెప్పే మాట, "ముందు లాగ్ చూడండమ్మా" అని. అందులో తేటతెల్లంగా రాసుంది: ఈ కార్డులో జీఎస్‌పీ అనే ప్రాసెసర్ లేదు, కాబట్టి ఓపెన్ డ్రైవర్ దీన్ని నడపదు అని. ఆ చిన్న ప్రాసెసర్ ఎన్‌విడియా కార్డుల్లో 2018 నాటి ట్యూరింగ్ తరం నుంచే ఉంది. నా 1060 అంతకు ముందరి పాస్కల్ తరం. రెండు గంటలుగా అది మర్యాదగా చెబుతూనే ఉంది, నేను దాని పళ్లు తోముతున్నాను. ఓపెన్ తీసేసి మామూలుది వేశాను, రీస్టార్ట్ చేశాను, అక్షరాలు మామూలు సైజుకి వచ్చాయి. ఇంకో సంగతి కూడా తెలుసుకున్నాను: పాస్కల్ కార్డులకి ఈ 580 వరుసే ఆఖరిది, ఆ పైన వచ్చే వరుసల్లో వీటికి చోటు లేదు. అంటే విండోస్ గడప దగ్గర ఆగిన కంప్యూటర్‌కి ఇటు పక్కనా ఒక గడప ఉంది, కాకపోతే కాస్త దూరంలో.

ఆటలున్న హార్డ్ డిస్కు విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉండేది. దాన్ని అలాగే వాడుకుందామని పిసినారితనానికి పోయాను. స్టీమ్‌కి ఆటలు కనిపిస్తాయి, ప్లే నొక్కితే రెండు సెకన్లు ఆలోచించి మళ్లీ ప్లే బొత్తామే చూపిస్తుంది. ప్రోటాన్ తన ఫోల్డర్లో సీ డ్రైవ్‌ని సూచించడానికి పేరులో కోలన్, అంటే ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు, ఉన్న లింకు ఒకటి చేసుకుంటుంది. విండోస్ పద్ధతి పేర్లలో ఆ చుక్కలు నిషిద్ధం. ఈ పేచీలన్నీ తీర్చుకుంటూ కూర్చునే బదులు డిస్కుని లినక్స్ వాడే ఎక్స్‌టీ4 పద్ధతిలోకి ఫార్మాట్ చేసేశాను. మా ఇంటి నెట్ 100 ఎంబీపీఎస్. వంద జీబీ దిగడానికి రెండుంపావు గంటలు. అన్నీ కాదు, నిజంగా ఆడే మూడే దింపుకున్నాను. మిగతావి సేల్‌లో చవగ్గా వచ్చాయని కొని పడేసినవి, వాటిని తెరిచి ఏళ్లయింది.

మొదటిసారి ఆట తెరిచినప్పుడు వల్కన్ షేడర్లు, అంటే బొమ్మలకి రంగూ నీడా వేసే చిన్న ప్రోగ్రాములు, తయారుచేస్తున్నానని ఒక పట్టీ నిదానంగా నిండుతుంది. నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద అది పప్పు ఉడకడం లాంటిదే, పక్కన నిలబడితే తొందరగా అవదు. డైరెక్ట్‌ఎక్స్ 11 ఆటలు నాకు విండోస్‌లో ఎలా ఉన్నాయో ఇక్కడా అలాగే ఉన్నాయి. 12 వాడే ఒక ఆట మాత్రం కాస్త బరువుగా కదిలింది. సెట్టింగులు ఒక మెట్టు దించితే సర్దుకుంది.

నాన్నకి ఇబ్బంది అవుతుందేమో అన్నదే నా అసలు బెంగ. పేపర్లు చదవడం, యూట్యూబ్‌లో ప్రవచనాలు, ఆయనకి బ్రౌజర్ ఉంటే చాలు. తెలుగు టైపు చేసుకునే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పది నిమిషాల్లో వచ్చేసింది. కానీ రిటైరవకముందు ఆయన రాసుకున్న ఉత్తరాలు, మా తాతగారి గురించి రాసిన ఇరవై పేజీలు, ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్ పద్ధతిలో కాకుండా పాత డీటీపీ ఫాంట్‌లో ఉన్నాయి. వర్డ్ లాంటి లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే తెలుగు లేదు, తలల మీద చుక్కలు, గీతలు ఉన్న యూరప్ అక్షరాల గుంపు. నాన్న ఒక్క క్షణం తెర వంక చూసి ఏమీ అనలేదు. అది నాకు బాగా గుచ్చుకుంది. పాత విండోస్ ఫోల్డర్ల బ్యాకప్‌లోంచి ఆ ఫాంటు ఫైలు వెతికి తెచ్చి, హోమ్‌లో ఫాంట్ల ఫోల్డర్లో వేశాను. తాతగారు మళ్లీ తెలుగులోకి వచ్చారు. పేరాలు అక్కడక్కడా జరిగాయి గానీ చదువుకోవచ్చు. వాటిని యూనికోడ్‌లోకి మార్చడం ఇప్పుడు మా ఇద్దరి రాత్రి పని. మార్చే ప్రోగ్రాం నేను రాశాను, వత్తులు తప్పు పడిన చోట ఆయన దిద్దుతారు.

వత్తులంటే గుర్తొచ్చింది. ఆ ఫైళ్లకి నేను తెలుగులో పేర్లు పెట్టాను. ఫైల్ మేనేజర్‌లో ముచ్చటగా ఉంటాయి. నా టెర్మినల్లో మాత్రం 'నాన్న ఉత్తరాలు' అన్నది ముక్కలు ముక్కలు. టెర్మినల్ అంటే సమానమైన గళ్ల కాగితం, ఒక గడికి ఒక అక్షరం. మన అక్షరం ఆ గళ్లలో ఇమిడేది కాదు. కింద వేలాడే వత్తుకి ఆ కాగితంలో చోటే లేదు. ఇన్నేళ్లుగా అందులో బతుకుతున్నా, నా భాషలో నా ఫైలు పేరు అక్కడ సరిగ్గా చదవలేను. ఈ ఒక్క విషయంలో లినక్స్‌ని వెనకేసుకు రాలేను.

ప్రింటర్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఏ జిరాక్స్ షాపులో చూసినా కనిపించే రకం చిన్న లేజర్ ప్రింటర్ మాది. మూడు సాయంత్రాలు పోరాడాను. ఇప్పుడు పీడీఎఫ్‌ని ఫోన్‌కి పంపుకుని కింద షాపులో తీయిస్తున్నాం, పేజీ రెండు రూపాయలు.

సంక్రాంతి సెలవులకి మా అక్క కొడుకు వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. బ్యాగు పెట్టిన పది నిమిషాల్లో "మామయ్యా, ఆ ఆట ఏది?" అన్నాడు. వాడి స్నేహితులంతా కలిసి ఆడే షూటింగ్ ఆట. అది ఇందులో రాదు. దొంగాట పట్టుకునే దాని కాపలా ప్రోగ్రాం విండోస్ కెర్నల్ లోపల కూర్చుని పనిచేస్తుంది. మన దుబాసీకి వరండా వరకే ప్రవేశం, గర్భగుడిలోకి లేదు. ఈ కాపలా ప్రోగ్రాముల్లో కొన్నింటికి, ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ ఐ లాంటివాటికి, 2021 నుంచే ప్రోటాన్‌తో కలిసి పనిచేసే వీలుంది. కాకపోతే ఆట తయారుచేసినవాళ్లు సరేనని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మనం ఏ ఫైలు ఎక్కడ పెట్టినా లాభం లేదు. ఇదంతా వాడికి చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే నువ్వు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ కదా, ఒప్పించలేవా?" అన్నాడు.

ఆఫీసు ల్యాప్‌టాప్ వంక చూశాడు. దాన్ని ముట్టుకోవద్దని ముందే చెప్పాను. రెండు రోజులు ముఖం మాడ్చుకుని ఫోన్లో ఆడుకున్నాడు. ఆదివారం పొద్దున మాత్రం మా ఆట దగ్గర కూర్చున్నాడు.

ఆ ఆదివారం పాత భయం కొద్దీ ఆ యూసీఆర్‌టీబేస్ ఫైలు ముందే 813780లో పెట్టి ఉంచాను. అవసరమో కాదో పరీక్షించే ధైర్యం లేదు. నలుగురం ఒక జట్టు, అవతల నాలుగు కంప్యూటర్ ఆటగాళ్లు, ఎక్స్‌ట్రీమ్ స్థాయి. ఇరవయ్యో నిమిషంలో డల్లాస్ వాడు "సింక్ ఉందా రా?" అన్నాడు. ఉందన్నాను. నలభయ్యో నిమిషంలో బెంగళూరు వాడు అడిగాడు. ఉందన్నాను. గంట దాటాక ఎవరూ అడగలేదు, అడిగే తీరిక లేదు. తూర్పు వైపు నుంచి ఏనుగులు వచ్చేశాయి. అక్కడ గోడ కట్టాల్సింది నేను. కట్టలేదు.

"లినక్స్‌ని అందామంటే అది బానే ఉంది" అన్నాడు వైజాగ్ వాడు. మా మేనల్లుడు నా వెనక నుంచి, "మామయ్యా, నీకు రాళ్లు అయిపోయి చాలాసేపైంది. నేను చెబుదామనే అనుకున్నా" అన్నాడు.